చలి గదిలో బాలింతలు

రాత 1. కొత్త తొడుగుల పరీక్షకి ఇంకా 120 రోజులు

ఈ పుస్తకం నా చేతికిచ్చి, "జరిగింది జరిగినట్టు రాయండి వజ్రమ్మగారూ, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు" అన్నారు విఠల్‌గారు. నీళ్ళ అడుగు పనులు చూసే లోతు కచేరీకి ఆయనే అధికారి. మనిషి మంచివాడే కానీ, నవ్వాలన్నా పైనుంచి ఉత్తర్వు రావాలన్నట్టు ఉంటాడు. ఎక్కువ తక్కువలు లేకుండా మాట్లాడటం మా ఇంటా వంటా లేదని చెప్పాను. ఆయన నవ్వలేదు.

సరే, రాస్తున్నాను. నా పేరు వజ్రం. వయసు యాభై ఒకటి. పాత ఉప్పాడ సముద్రంలో కలిసిపోయాక దాని నెత్తిమీదే మేం కట్టుకున్న తేలే ఊరు కొత్త ఉప్పాడ. అందులో మూడో తెప్ప మీద ఉన్న చలి గది నాది. ఒకప్పుడు అది చేపలకి ఐసు వేసే గది. పైనీళ్ళు కాగిపోయి చేపలు ఎటో వెళ్ళిపోయాక ఏళ్ళ తరబడి ఖాళీగా పడుంది. ఇప్పుడు అందులో గిన్నెల మిషను పెట్టారు. జనం మాత్రం దాన్ని ఇంకా ఐసు ఫ్యాక్టరీ అనే అంటారు, నన్ను ఐసు వజ్రం అంటారు.

మిషను పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పొట్ట మీద జిగురు గుడ్డ పరిచి గిన్నె బోర్లిస్తే, అది పొట్ట మడతని లోపలికి లాక్కుని ముప్పై అయిదు నిమిషాలు చల్లబెడుతుంది. కోత లేదు, సూది లేదు. నెయ్యీ నీళ్ళూ పక్కపక్కన చల్లపెట్టెలో పెడితే నెయ్యి ముందు పేరుకుంటుంది కదా, అదే కిటుకు. చర్మానికి ఏమీ కాకుండా కింద ఉన్న కొవ్వు మాత్రం గడ్డకట్టి చస్తుంది. చచ్చిన కొవ్వుని ఒళ్ళే నెల నుంచి మూడు నెలల్లోపు నెమ్మదిగా ఊడ్చిపారేస్తుంది.

ఇదంతా ఎందుకంటే, నీళ్ళ అడుక్కి దిగేవాళ్ళు ఒంటికి వేసుకునే కొత్త తొడుగుల కోసం. మేం తినే నాచంతా అరవై బారల లోతున, చల్లనీళ్ళలో, దీపాల కింద పెరుగుతుంది. దిగేవాళ్ళు నలభై మంది. వాళ్ళ పాత తొడుగులు చిరిగి అతుకుల బొంతలయ్యాయి. కొత్తవి మూడే కొలతల్లో వచ్చాయి, నడుం దగ్గర గట్టి కట్టుతో. నలభై మందిలో పంతొమ్మిది మందికి ఆ కట్టు పడటం లేదు. పరీక్ష రోజుకి కట్టు పడనివాళ్ళ పేరు కొట్టేస్తారు, వాళ్ళ నాచు వరస ఇంకొకరికి ఇస్తారు. తొడుగు కురచైతే ఒళ్ళు తగ్గించుకోమన్నారు. ఆ తగ్గించేదాన్ని నేను.

రాత 2. ఇంకా 117 రోజులు

ఇవాళ నూకరత్నం వచ్చింది. నా చెల్లెలు పైడితల్లి కూతురు. కట్టు పడటానికి దానికి మూడు వేళ్ళు తక్కువ.

దీని గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను, విఠల్‌గారు క్షమించాలి. పధ్నాలుగో వరస దీనిది. అందరూ కచేరీ ఇచ్చిన పచ్చ నాచు వేస్తే, నా చెల్లెలు ఎక్కడో రాతి సందులో దొరికిన ఎర్ర మొక్కని తెచ్చి, ఎనిమిదేళ్ళు సాకి వరసంతా పెంచింది. జడలా పొడుగ్గా పెరుగుతుందని ఎర్రజడ అని పేరు పెట్టింది. పచ్చడి చేస్తే గోంగూర గుర్తొస్తుంది. ఆరేళ్ళ కిందట జ్వరంతో చెల్లెలు పోయింది. అప్పట్నుంచీ ఆ వరసని నూకరత్నమే చూసుకుంటోంది. అది దిగకపోతే వరస పక్కవాళ్ళకి పోతుంది, వాళ్ళు ఎర్రదాన్ని పీకి పచ్చది నాటుకుంటారు. ప్రపంచంలో ఆ నాచు ఇంకెక్కడా లేదు.

బుట్టలో కోసి తెచ్చిన ఎర్రజడే తప్ప, పెరుగుతుంటే నేను ఎప్పుడూ చూడలేదు. ఇరవై రెండో ఏట నేనూ దిగుదామని పోయాను. అప్పటి తొడుగు నాకు నాలుగు వేళ్ళు తక్కువైంది. "ఇంటికెళ్ళమ్మా" అన్నారు. ఇంటికే వచ్చాను.

గిన్నె పెట్టగానే నూకరత్నం ఎగిరిపడింది.

"పెద్దమ్మా, పీత పట్టేసినట్టుంది!"

"పీతైతే ఇదిలించుకోవచ్చు. ఇది ముప్పై అయిదు నిమిషాలు ఒదలదు. కదలకు."

"నువ్వెందుకు పెట్టుకోవు ఇది?"

"నాకు దిగే పని లేదు. ఉన్నది పోగొట్టుకోడం దేనికి?"

గిన్నె తీస్తే పొట్ట మీద ఎర్రగా, గట్టిగా, గిన్నె ఆకారంలోనే ముద్ద లేచి ఉంటుంది. దాన్ని రెండు నిమిషాలు ఉత్త చేత్తో గట్టిగా రుద్దాలి. ఆ తర్వాత దాని జోలికి పోకూడదు. వేడి పెట్టకూడదు, బిగించి కట్టకూడదు. మిషనుతో వచ్చిన పుస్తకంలో అలా ఉంది. సంకల్పం చెప్పినట్టు ఈ మాట వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను.

బయట బల్ల మీద మా అత్తగారు అప్పాయమ్మ కూర్చునుంది. ఎనభై ఒకటో ఏడు. ఒకప్పుడు ఊళ్ళో పురుళ్ళన్నీ ఆవిడ చేతి మీదే. పురుళ్ళు ఆసుపత్రి ఓడకి మారాక పని లేక, రోజూ నా గుమ్మం దగ్గర చేరుతోంది. ఎవరితోనో ఒకరితో మాట్లాడకపోతే ఆవిడకి అన్నం అరగదు. నూకరత్నం బయటికి రాగానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

రాత 3. ఇంకా 104 రోజులు

దానయ్యా లోవరాజూ ఒకేసారి వచ్చారు. దానయ్య యాభై దాటిన మనిషి, చేపలున్న రోజుల్లో వలలు అల్లేవాడు. మీసం చూస్తే పిల్లలు జడుసుకుంటారు. గిన్నె చూసి ఆయనే జడుసుకున్నాడు. లోవరాజుకి ముప్పై కూడా లేవు. ఒంటి మనిషి, ఒకటో తెప్ప మీద ఉంటాడు, నోరు ఊరుకోదు.

లోవరాజు వెళ్తూ వెళ్తూ మళ్ళీ తలుపులోంచి తొంగి చూశాడు.

"అక్కా, మీ అత్తగారు నన్ను బాలింతని చేసేత్తంది. ఇంటికి రమ్మంటంది. నేనేమన్నా కన్నానా?"

"పెద్దావిడ, ఏదో సరదా. పట్టించుకోకు" అన్నాను.

దానయ్య మాత్రం నోరు మూసుకుని ఆవిడ వెనకాల వెళ్ళాడు. ఆవిడే కదా ఆయన ముగ్గురు పిల్లలకీ బొడ్డు కోసింది, కాదనలేకపోయి ఉంటాడు అనుకున్నాను.

రాత 4. ఇంకా 73 రోజులు

లోవరాజుకి కట్టు పడిపోయింది! పొట్ట చేత్తో తీసేసినట్టు పోయింది. ఒకటో తెప్ప వాళ్ళలో ఇంకో అయిదుగురికీ బాగా తగ్గింది. విఠల్‌గారు వచ్చి చూసి "సంతోషం" అన్నారు, ఎవరో పోయినప్పుడు అనే గొంతుతో. నాకు మాత్రం గాల్లో తేలినట్టుంది. ముప్పై ఏళ్ళుగా దిగేవాళ్ళని ఒడ్డు మీంచి సాగనంపడమే నా పని. ఇప్పుడు నా చెయ్యి పడితే గానీ వాళ్ళు దిగలేరు. గర్వంగా ఉందని రాయడానికి నాకేం సిగ్గు లేదు.

నూకరత్నం చెప్పింది, తనకి ఇంకా తగ్గలేదట, పొట్ట కొంచెం గట్టిగా ఉందట. ఒక్కొక్కరికి ఆలస్యమవుతుందని సర్దిచెప్పాను.

రాత 5. ఇంకా 61 రోజులు

ఆలస్యం కాదు. పెరిగింది.

నూకరత్నం పొట్ట మీద గిన్నె పెట్టిన చోటే, సరిగ్గా గిన్నె బోర్లించినట్టు, అంచులతో సహా ఉబ్బింది. నొప్పి లేదు, రంగు మారలేదు, ఒత్తితే గట్టిగా ఉంది. మూడు వేళ్ళ తక్కువ కాస్తా అయిదు వేళ్ళయింది. "పెద్దమ్మా, తియ్యమని వత్తే పెట్టి పంపించావేంటి?" అని నవ్వబోయి ఏడ్చేసింది. దగ్గరికి తీసుకున్నాను. చెల్లెలి ముఖం గుర్తొచ్చి నాకూ ఆగలేదు.

మిషను పుస్తకం తిరగేశాను. చలికి కొవ్వు చావకుండా ఎదురు తిరిగి పెరగడం చాలా అరుదుగా జరుగుతుందని చివరి పేజీలో రెండు ముక్కలున్నాయి. అరుదుగా అంటే ఒక్కరికే కదా అనుకున్నాను. సాయంత్రానికి దానయ్య వచ్చి చొక్కా ఎత్తాడు. ఆయనకీ అదే గిన్నె.

రాత 6. ఇంకా 52 రోజులు

తొమ్మిది మంది. పంతొమ్మిదిలో తొమ్మిది మందికి పొట్టల మీద గిన్నెలు మొలిచాయి. మిగతా పదిమందికి తగ్గింది. అదే మిషను, అదే గుడ్డ, అవే చేతులు.

ఆసుపత్రి ఓడ మీంచి డాక్టరమ్మ వచ్చి అందరినీ చూసింది. ప్రాణభయం ఏమీ లేదంది, కావాలనుకున్నవాళ్ళకి తర్వాతెప్పుడైనా తీయవచ్చంది, ఇంతమందికి ఇలా కావడం మాత్రం ఎక్కడా వినలేదంది. పరీక్షలోపు మళ్ళీ గిన్నె పెట్టడానికి ఒప్పుకోలేదు.

విఠల్‌గారు అడిగారు, "మిషను లోపమా, మనుషుల లోపమా?" నియమం ఇదట: మిషను లోపమైతే తొమ్మిది మందికీ ఇంకో వంద రోజులు గడువిస్తారు. మనుషుల లోపమైతే గడువు లేదు. నేను ఆలోచించలేదు. మిషను లోపమే అని చెప్పాను, ఇక్కడ కూడా అదే రాస్తున్నాను. మిషను లోపం.

నూకరత్నం నా రెండు చేతులూ పట్టుకుంది. ఎర్రజడకి వంద రోజులు దొరికాయి.

రాత 7. ఇంకా 47 రోజులు

కళ్ళద్దాలు మర్చిపోయానని మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసేసరికి వెల్లుల్లి వాసన గుప్పుమంది. మా నడవలో వరసగా చాపలు. చాపల మీద తొమ్మిది మంది వెల్లకిలా పడుకుని ఉన్నారు. అందరి పొట్టలకీ పాత చీరలతో నడికట్లు, గట్టిగా బిగించి. కట్ల మీద వేడి తౌడు మూటలు. మధ్యలో కుంపటి. దాని పక్కన మా అత్తగారు మూటలు మారుస్తూ పర్యవేక్షణ చేస్తోంది. చెవులకి దూది పెట్టుకున్న దానయ్య, అంత మీసంతో, కాయం ఉండ చప్పరిస్తున్నాడు. బాలింతలకి శొంఠీ పిప్పళ్ళూ బెల్లమూ నెయ్యీ వేసి దంచి పెడతారే, ఆ కాయం.

నన్ను చూసి ఆయన ఉండ మింగేశాడు.

"అత్తయ్యా, ఏంటిది?"

"ఏంటంటావేంటి? నీ గదిలోంచి ఒచ్చినోళ్ళని అలాగే ఒగ్గేత్తారా? పొట్టలోంచి ఏదన్నా పోయిందంటే ఆడదైనా మొగోడైనా బాలింతే. పొట్ట కాళీ అయితే గాలి దూరుద్ది. రేపు నడుం నొప్పులొత్తే నీ మిషను ఒచ్చి సూసుద్దా?"

"ఎన్నాళ్ళుగా?"

"మొదటి రోజు నుంచీని. నలభై రోజులు పత్తెం సేయించాను ఒక్కొక్కళ్ళకి. ఇప్పుడు వాపొచ్చిందని మళ్ళీ మొదలెట్టాను."

నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఐసు వజ్రాన్ని, నేనెంత? లోవరాజూ, ఒకటో తెప్ప వాళ్ళూ మొత్తం పదిమంది ఈవిడ పిలిస్తే రాలేదు. ఆ పదిమందికే తగ్గింది. చాపల మీదున్న తొమ్మిది మందికీ పెరిగింది. వేడి వల్లనో, బిగించడం వల్లనో, కాయం వల్లనో నాకు తెలియదు. వీళ్ళకి జరిగింది, వాళ్ళకి జరగలేదు. అంతవరకే తెలుసు.

రాత 8. అదే రోజు, సాయంత్రం

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. నా సంగతి అలా ఉంది. ఈ పుస్తకంలో మధ్యాహ్నం సంగతి రాస్తే అది మనుషుల లోపం అవుతుంది. గడువు పోతుంది, తొమ్మిది వరసలు పోతాయి, నా చెల్లెలి ఎర్రజడ పోతుంది. రాయకపోతే మిషను వెనక్కి పంపేస్తారు, ఇంకోటి వస్తుంది, అత్తయ్య మళ్ళీ చాపలు పరుస్తుంది. ఇంకో ఊళ్ళో ఇంకో అత్తయ్య పరుస్తుంది. ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు.

అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. మధ్యాహ్నపు కోపం లేదు.

"నా వల్లేనా వజ్రం?"

"అలాగే ఉందత్తయ్యా."

కాసేపు తన చేతులు తనే చూసుకుంది. ఎంతమంది పిల్లల్ని పట్టిన చేతులో.

"అయితే రాసెయ్యి. నా పేరెట్టే రాయి. నేను సేసిన పని నేను సెయ్యలేదంటే ఆ ముండమోసిన మిషనుకి పాపం తగులుద్ది."

రాశాను. పైన ఉన్న రాత 7 అదే. రాత 6లో మిషను లోపం అన్నది తప్పు. తెలియక రాశాను, తెలిశాక దిద్దుతున్నాను.

రాత 9. ఇంకా 40 రోజులు

విఠల్‌గారు నిలబడే చదివారు. చదివి, కాయం చూపించమన్నారు. వాసన చూసి తుమ్మారు. "మీరు రాసి ఉండకపోతే నాకు తెలిసేది కాదు వజ్రమ్మగారూ" అన్నారు. నిజమేనన్నాను. "గడువు ఇవ్వలేను" అన్నారు. అదీ తెలుసన్నాను.

నూకరత్నం గుమ్మంలో నిలబడి అడిగింది.

"మిషను తప్పని ఉంచేత్తే నీకేం పోయింది పెద్దమ్మా?"

అడిగి వెళ్ళిపోయింది. అది మళ్ళీ నా గుమ్మం తొక్కలేదు. దారిలో ఎదురైతే తల తిప్పుకుంటోంది. నాకు అన్నం సయించడం లేదు. ఇది గది సంగతి కాదు, అయినా రాస్తున్నాను.

రాత 10. ఇంకా 29 రోజులు

పొద్దున్న తొమ్మిదిన్నరకి గదిలో చప్పుడు ఆగిపోయింది. కిందనుంచి చల్లనీళ్ళు తోడే పంపు నిలిచిపోయింది. అంటే ఊరంతటికీ కరెంటు పోయినట్టే. అంటే కింద తోటలో దీపాలూ, వాళ్ళ పాత తొడుగుల్లో వేడి తీగలూ, గంటని పైకి లాగే మోటారూ అన్నీ పోయినట్టే. గంటంటే దిగేవాళ్ళు కూర్చునే ఇనప గది, గుడి గంటలాగే ఉంటుంది, తాడు మీద దింపుతారు. అరవై బారల కింద పధ్నాలుగు డిగ్రీల నీళ్ళలో ఆరుగురున్నారు. అందులో నూకరత్నం ఉంది.

పరిగెత్తాను. నా ఒళ్ళు పరిగెత్తే ఒళ్ళు కాదు. నేను చేరేసరికి ఊరంతా చేతి చక్రం మీద పడి తిప్పుతోంది. ఇరవై మంది తిప్పితే జానెడు పైకి వస్తుంది. నేనూ పట్టుకున్నాను. విఠల్‌గారు కూడా చొక్కా విప్పేసి పట్టుకున్నారు. మూడు గంటల పదినిమిషాలు. అత్తయ్య గట్టున కూర్చుని దేవతల్ని పేరుపేరునా తిట్టింది.

గంట తలుపు తెరిచేసరికి లోపల ఎవరి తల ఎవరిదో తెలియకుండా ముద్దగా ఉన్నారు. ముద్ద మధ్యలో లోవరాజు. వాడి పెదాలు నేరేడు పండు రంగు. వాడి వీపుకి తన పొట్ట ఆనించి నూకరత్నం, ఎదురుగా ఛాతీకి ఆనించి దానయ్య. దానయ్య తన నడికట్టు విప్పి వాడికి మెడ నుంచి తొడల దాకా చుట్టేశాడు. డాక్టరమ్మ వద్దన్నా ఆయన ఆ కట్టు మానలేదు, నడుముకి బాగుందట. వాడి బుగ్గలో కాయం ఉండ.

ఒక్కొక్కళ్ళకీ నేనే ఒళ్ళు వేడి చూశాను. నూకరత్నానికి ముప్పై ఆరున్నర. దానయ్యకి ముప్పై ఆరు. పొట్ట మీద గిన్నె మొలిచిన మూడో మనిషికి ముప్పై ఆరు. నేను తగ్గించిన ముగ్గురిలో ఇద్దరికి ముప్పై నాలుగు. లోవరాజుకి ముప్పై రెండు.

నేను పొట్ట తీసి మెచ్చుకోలు పొందిన లోవరాజు. నేనే తీశాను వాడి వేడి. వేడి చూసే పుల్ల చేతిలోంచి జారి కింద పడింది.

నూకరత్నం వంగి దాన్ని తీసిచ్చింది. పదకొండు రోజుల తర్వాత నా ముఖం చూసింది.

"నీ చేతులు మంచులా ఉన్నాయి పెద్దమ్మా" అని, రెండు చేతులూ లాక్కుని తన పొట్ట మీద పెట్టుకుంది. వెచ్చగా ఉంది. అందరి ముందూ ఏడ్చాను.

లోవరాజు కళ్ళు తెరిచి మొదట అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అప్పాయమ్మా, ఆ కాయం ఇంకుందా?"

రాత 11. ఇంకా 27 రోజులు

లోవరాజు లేచి తిరుగుతున్నాడు. ఎక్కడో కాదు, మా నడవలో, చాప మీంచి కుంపటి దాకా.

విఠల్‌గారు నేను రాసిన అంకెలన్నీ పట్టుకుని గదికి వచ్చారు. చలిలో పనిచేసేవాళ్ళ ఒంట్లో ఆ కాస్త కొవ్వు ఎందుకు చేరిందో మనం ఎవరం అడగలేదన్నారు. తొడుగుకి కట్టు పడాలని మాత్రం అడిగామన్నారు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి. కానీ తొడుగులు వచ్చేశాయి, వాటి కొలత మార్చడం కుదరదు, ఏం చెయ్యాలో తెలియడం లేదని తల పట్టుకున్నారు.

దానయ్య అక్కడే ఉన్నాడు.

"ఆయ్, ఓ మాటండి. వల నోరు సాలకపోతే వల పారేత్తామేంటండి? మజ్జిన కోసి ముక్క కలుపుతాం. ఆ కట్టు దగ్గర కోసి, సాగే ముక్క ఓటి అల్లి కలిపితే సరి. నీళ్ళు దూరకుండా అల్లడం నా పూచీ."

"తొడుగు కొయ్యడానికి నియమం లేదు" అన్నారు విఠల్‌గారు.

"మనిసి పొట్ట కొయ్యకుండా తగ్గించే నియమం ముందెప్పుడన్నా ఉందా అండి? రాసుకున్నాం, ఒచ్చింది."

విఠల్‌గారు ఒక తొడుగు తెప్పించారు. ఒక్కటే. "ఇది పాడైతే నా ఉద్యోగం పోతుంది" అన్నారు. దానయ్య అప్పటికే కొలత తీసుకుంటున్నాడు.

రాత 12. ఇంకా 6 రోజులు

మొదటి ముక్క కారింది. రెండోదీ కారింది. విఠల్‌గారు పస్తులున్నట్టు తయారయ్యారు. మూడోదానికి దానయ్య జిగురు మార్చాడు. ఎర్రజడ ఉడికిస్తే వచ్చే జిగురు పూస్తే పట్టు నిలిచింది. పచ్చ నాచు జిగురు నిలవలేదు. నూకరత్నం మూడు బుట్టలు కోసి తెచ్చింది. ఆ తొడుగుని రెండు రోజులు కింద నీళ్ళలో వేలాడదీసి తీస్తే లోపల చుక్క తడి లేదు. ఇప్పుడు ఊళ్ళో వల అల్లడం వచ్చిన ముసలివాళ్ళంతా నా గదిలోనే కూర్చుని మిగతా తొడుగులకి ముక్కలు అల్లుతున్నారు. వేసవిలో ఇంత చల్లటి చోటు ఇంకెక్కడ ఉందంటున్నారు.

రాత 13. పరీక్ష రోజు

నలభై మందికీ కట్టు పడింది.

నూకరత్నం కట్టు బిగించుకుని, రెండుసార్లు కూర్చుని లేచి, నా వైపు చూసి కన్ను కొట్టింది. పధ్నాలుగో వరస దానిదే. దాని తర్వాత దానయ్య వంతు వచ్చింది. మీసం దువ్వుకుని కట్టు బిగించి, లోపల ఇంకా చోటుందని చూపించడానికి పొట్ట ఉబ్బించాడు. విఠల్‌గారు నవ్వారు. జరిగింది జరిగినట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. చప్పుడు వచ్చేలా నవ్వారు.

గిన్నెల మిషను ఉంటుంది. ఒళ్ళు తగ్గాలని తమంతట తాము కోరుకున్నవాళ్ళు రావచ్చు. దిగేవాళ్ళని రమ్మని ఎవరూ చెప్పరు. తలుపు మీద ఒక కాగితం అంటించాం: గిన్నె పెట్టించుకున్నవాళ్ళు అప్పాయమ్మగారి ఇంటికి వెళ్ళరాదు. దాని కింద ఇంకో కాగితం: నీళ్ళలోంచి పైకి వచ్చినవాళ్ళు తప్పక వెళ్ళవలెను. రెండోదాని మీద కచేరీ ముద్ర ఉంది. ఎనభై ఒకటో ఏట అత్తయ్యకి ఉద్యోగం వచ్చింది. పొద్దుట్నుంచీ ఆ కాగితం ముందే నిలబడి వచ్చేపోయేవాళ్ళ చేత చదివించుకుంటోంది.

రాత 14. పరీక్ష అయ్యాక పదహారో రోజు

ఇవాళ గది తెరవలేదు. కారణం రాస్తున్నాను.

నిన్న దానయ్య ఒక తొడుగు తెచ్చి నా ముందు పడేశాడు. "ఎవరిదిది?" అంటే, "ముప్పయ్యేళ్ళ కిందట నీకు నాలుగు వేళ్ళు తక్కువైందంట కదక్కా. ఓ నాలుగు వేళ్ళు ఎక్కువే అల్లాను" అన్నాడు. విఠల్‌గారిని అడిగితే, చలి గది చూసుకునే మనిషి, దిగేవాళ్ళ పనిచోటు ఒకసారి చూసి రావడం నియమానికి విరుద్ధం కాదన్నారు. ఆ నియమం పొద్దున్నే రాసుకుని ఉంటారు.

గంటలో దిగుతుంటే చెవులు దిబ్బడేశాయి. భయమేసింది. నూకరత్నం వేలు నేను వదల్లేదు. బయటికి ఈదాక మొదట పచ్చ వరసలు దాటాం. పధ్నాలుగో దీపం కిందికి రాగానే అది చెయ్యెత్తి చూపించింది.

ఎర్రజడ బుట్టలో చూసినట్టు లేదు. నిలువునా, నా కంటే ఎత్తుగా, వేల జడలు మెల్లగా ఊగుతున్నాయి. వరస మొదట్లో ఒక రాతికి ఇప్పటికీ చెల్లెలు కట్టిన పాత తాడు ముడి ఉంది. పైడితల్లి ముడి నాకు తెలుసు, చిన్నప్పుడు నా జడకీ అలాగే వేసేది, ఎంత లాగినా ఊడేది కాదు. ఆ ముడి మీద చెయ్యి పెట్టి ఉండిపోయాను. నూకరత్నం తొందర పెట్టలేదు.

మళ్ళీ గంటలోకి వచ్చి తొడుగు విప్పుతుంటే, నడుం దగ్గర మిగిలిన ఆ నాలుగు వేళ్ళ చోటులో ఏదో గట్టిగా తగిలింది. గుడ్డ మూట. విప్పితే కాయం ఉండ. పొద్దున్న తొడుగు తొడిగి సాయం చేస్తానని అత్తయ్య చుట్టూ తిరిగింది ఇందుకన్నమాట. సగం విరిచి నూకరత్నానికి పెట్టాను, సగం నేను తిన్నాను.

పైకి వచ్చేసరికి అత్తయ్య గట్టు మీదే కుంపటి పెట్టుకుని కూర్చునుంది.

"సలేసిందా?" అంది.

లేదన్నాను. నిజంగానే లేదు.